కుర్చీ కింద తడి

సోమవారం ఉదయం ఐదున్నరకే డ్రైవరు గారు ఆ రోజు ఎలా నడవాలో మనసులో టైంటేబుల్ వేసేసుకున్నారు. ఆరింటికి నడక, ఏడింటికి పేపరు, ఎనిమిదింటికి టిఫిను. పన్నెండున్నరకు భోజనం. ఒంటిగంట నుంచి ఒంటిగంట నలభై దాకా హాల్లో వాలుకుర్చీలో కునుకు. నాలుగింటికి డ్రైవింగ్ స్కూలు. కూతురింట్లో ఉండేది పది రోజులే అయినా పద్ధతి పద్ధతే. తన ఇంట్లో నీళ్ళ గొట్టాలు పగిలి నేలంతా తవ్విపోశారు కాబట్టి వచ్చారు గానీ, లేకపోతే ఒంటరిగా ఉండటంలోని సుఖం రాజులకు కూడా ఉండదని ఆయన నమ్మకం.

ఆయన ముప్పై రెండేళ్ళు దూరప్రయాణాల బస్సు నడిపారు. ఒక్క ప్రమాదమూ చేయలేదు. కానీ ఆయన గర్వమంతా దాని మీద కాదు. తొమ్మిది గంటల రూటులో కూడా ‘ఒక్క నిమిషం’ అంటూ బస్సు ఆపి చెట్టు చాటుకి వెళ్ళిన పాపాన పోలేదు. ప్రయాణికులు బతిమాలుకుని ఆపించుకునేవారు. కండక్టరు అయితే బండి పూర్తిగా ఆగకముందే దూకి పరుగెత్తేవాడు. డ్రైవరు గారు మాత్రం స్టీరింగు మీద చేతులు ఆనించి, "బ్రేకన్నది బస్సుకే కాదయ్యా, ఒంటికీ ఉండాలి" అనేవారు. రిటైరై ఐదేళ్ళయినా ఆ మాట ఇప్పుడు డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ళకి చెబుతూనే ఉన్నారు.

ఆ సోమవారం ఒంటిగంట నలభైకి టంచనుగా మెలకువ వచ్చింది. ఎడమ పాదం చల్లగా తగిలింది. వంగి చూశారు. చెప్పు తడిసి ఉంది. పంట్లాం అంచు తడిసి ఉంది. కుర్చీ కింద అరచేయంత మడుగు, కిటికీలోంచి వచ్చే వెలుతురులో మెరుస్తోంది.

పైకి చూశారు. కప్పు కారడం లేదు. పక్కన స్టూలు మీద గ్లాసు చూశారు. పెట్టిన నీళ్ళు పెట్టినట్టే ఉన్నాయి. వేలితో తాకి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఆ వాసనకి రెండో అర్థం లేదు. డ్రైవరు గారి పై ప్రాణాలు పైనే పోయాయి.

పంట్లాం పైభాగమంతా పొడిగానే ఉందన్న సంగతి ఆయన గమనించకపోలేదు. కానీ భయపడ్డ మనిషికి తనకి అనుకూలమైన సాక్ష్యం కంటికి ఆనదు. నిద్రలో కాలి వెంబడి జారి ఉంటుంది, పైన ఫ్యాను గాలికి ఆరిపోయి ఉంటుంది అని తీర్పు చెప్పేసుకున్నారు. అటూ ఇటూ చూసి, భుజం మీది తువాలు తీసి గబగబా తుడిచారు. బాత్రూములో ఉన్న ఘాటైన క్లీనరు సీసా తెచ్చి నేల మీద కుమ్మరించి, మళ్ళీ తుడిచారు. తడి తువాలుని ప్లాస్టిక్ సంచిలో చుట్టి తన పెట్టె అడుగున దాచారు.

ఆ ఇంట్లో డ్రైవరు గారికి తెలియని ప్రాణి ఒకటుంది. రెండు నెలల వయసు, ఇటుక రంగు, ఒక చెవి నిలబడి, ఒక చెవి వాలి ఉంటుంది. ఆయన దిగడానికి రెండు రోజుల ముందే అల్లుడు ఆ కుక్కపిల్లని ముచ్చటపడి తెచ్చుకున్నాడు. డ్రైవరు గారిని ఒకప్పుడు డిపోలో కుక్క కరిచింది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిచారు. అప్పట్నుంచి "కుక్క ఉన్న ఇంటి గడప నేను తొక్కను" అన్నది ఆయన శాసనం. కూతురికి ముప్పై ఆరేళ్ళు వచ్చినా, మందుల షాపులో పది మందిని అదిలించి పని చేయిస్తున్నా, తండ్రి గొంతు సవరించుకుంటే చాలు మూడో తరగతి పిల్ల అయిపోతుంది. అల్లుడి సంగతి చెప్పనే అక్కర్లేదు. మామగారి ముందు తుమ్ము వచ్చినా మింగేస్తాడు.

అల్లుడిది కట్టుడు పళ్ళు తయారుచేసే పని. ఇంట్లోనే వెనక గదిలో చేసుకుంటాడు. "లోపలంతా పొడి, మందుల ఘాటు మామయ్యా, మీరు రాకండి" అని చెప్పి కుక్కపిల్లని ఆ గదిలో పెట్టాడు. చిక్కేమిటంటే పెరట్లోకి దారి హాల్లోంచే. రోజూ మామగారు కునుకు తీసే వేళ చూసి దాన్ని వదిలేవాడు. తను మునివేళ్ళ మీద నడిచి వెళ్ళి, పెరటి తలుపు గడియ చప్పుడు కాకుండా తీసేవాడు. ఆ గడియ తుప్పు పట్టింది, నిమిషం పట్టేది. ఆ నిమిషమంతా అల్లుడి చూపు మామగారి కనురెప్పల మీదే ఉండేది. నేల మీదికి దిగేది కాదు. ఆ నిమిషంలోనే కుక్కపిల్ల కుర్చీ కింద దాని పని అది కానిచ్చేసేది. తర్వాత పెరట్లో మిగిలిన నాలుగు చుక్కలూ రాల్చేది. "శభాష్!" అని అల్లుడు బిస్కట్ పెట్టేవాడు. ముప్పై రెండేళ్ళు ఇంజను పక్కన కూర్చున్న పుణ్యాన డ్రైవరు గారి ఎడమ చెవి ఎప్పుడో మూతపడింది. నిద్రపోతే పక్కన పెళ్ళి మేళం వాయించినా ఆయనకి వినబడదు.

మంగళవారం ఆయన జాగ్రత్త పడ్డారు. టిఫిను తర్వాత చుక్క నీరు ముట్టలేదు. టీ వద్దన్నారు. పడుకోబోయే ముందు రెండుసార్లు బాత్రూముకి వెళ్ళొచ్చారు. ఒంటిగంట నలభైకి లేచి చూస్తే, అదే చోట, అదే మడుగు. నిన్నటి కంటే కాస్త పెద్దది.

గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని కండక్టరుకి ఫోన్ చేశారు. ఇద్దరూ పద్దెనిమిదేళ్ళు ఒకే బస్సులో తిరిగారు. దాపరికాలు లేవు.

"ఏరా, నీకెప్పుడైనా... నిద్రలో..."

"నిద్రలో ఏంట్రా?"

"అదేరా. నీళ్ళు."

"నీకా?" అన్నాడు కండక్టరు, పిడుగు పడ్డవాడిలా. "నీళ్ళు తాగడం మానెయ్ రా."

"మానేశాను. అయినా వచ్చింది."

"తాగకపోయినా వస్తోందంటే ట్యాంకుకే చిల్లు పడ్డట్టు. అమ్మాయికి మాత్రం చెప్పకు. మేనేజరు గతి గుర్తుందిగా?"

గుర్తులేకేం. డిపో మేనేజరు ఒకరోజు దుప్పటి తడిపాడు. ఒక్కటంటే ఒక్క దుప్పటి. కొడుకులు ప్రేమగా వచ్చి ముందు బండి తాళం తీసుకున్నారు. తర్వాత ఇంటి తాళం. తర్వాత, కంగారుపడి ఎవరికో ఒకరికి ఫోన్ చేస్తున్నాడని ఫోనూ తీసుకున్నారు. ఇప్పుడాయన కటకటాల మంచం మీద పడుకుని, ఎవరొచ్చినా ‘టికెట్ తీసుకున్నావా’ అని అడుగుతుంటాడు. అది తలుచుకోగానే డ్రైవరు గారి చేయి దానంతట అదే జేబులో ఉన్న తన ఇంటి తాళాన్ని గట్టిగా పట్టుకుంది.

ఆ సాయంత్రం వంటింటి పక్కగా వెళుతుంటే లోపల కూతురూ అల్లుడూ గుసగుసలాడుకోవడం కనిపించింది. ఆయన కుడి చెవిని తలుపు సందుకి ఆనించారు.

"రెండు గంటలకోసారి తీసుకెళ్ళాలి" అంటున్నాడు అల్లుడు. "లేవగానే ఒకసారి, తినగానే ఒకసారి."

"తిట్టకూడదు కదండీ?"

"అస్సలు తిట్టకూడదు. ఇంట్లో పోస్తే నోరెత్తకుండా తుడిచెయ్యాలి. సరైన చోటికి వెళ్ళినప్పుడు మాత్రం బాగా మెచ్చుకోవాలి. వెంటనే ఓ బిస్కట్ పెట్టాలి."

డ్రైవరు గారు చెవిని ఇంకా గట్టిగా ఆనించారు. తెలిసిపోయింది. ఇద్దరికీ తెలిసిపోయింది.

"ఈ వారంలో అలవాటు కాకపోతే?"

"చేసేదేముంది. ఎవరైనా మంచివాళ్ళని చూసి అప్పజెప్పడమే. పెద్ద పెరడున్న ఇల్లయితే నయం."

కూతురు ముక్కు చీదింది. "ఆ కళ్ళు చూస్తే ఎక్కడికీ పంపబుద్ధి కావడం లేదండీ. ఆ వయసులో ఏం తెలుస్తుంది, పాపం. అది కావాలని చేస్తోందా ఏం?"

డ్రైవరు గారు గోడ పట్టుకుని తన గదికి చేరారు. పంపేస్తారన్న భయం ఒక ఎత్తు. ఆ చివరి మాట ఒక్కటీ ఒక ఎత్తు. ఇన్నాళ్ళూ ‘నాన్నగారు’, ‘ఆయన’. పోనీ ‘గారు’ ఊడింది, ఊడనీ. ‘ఆయన’ పోయి ‘వాడు’ అయినా ఏడవొచ్చు. రెండే రెండు మడుగులకి సొంత కూతురి నోట ‘అది’లోకి దిగిపోయారు!

బుధవారం ఉదయం బాత్రూములోంచి ఆయన బయటికి రావడం, పెరట్లోంచి వచ్చిన అల్లుడు వెనక గది తలుపు దగ్గర ఇటు తిరగడం ఒకేసారి జరిగింది. కుక్కపిల్లని అప్పుడే గదిలోకి తోసి తలుపు మూసిన అల్లుడికి మామగారిని చూడగానే గుండె జారింది. చేతిలో బిస్కట్ మిగిలిపోయింది. దాన్నేం చెయ్యాలో తోచక ముందుకి చాపాడు.

"మామయ్యా... బిస్కట్."

డ్రైవరు గారు బాత్రూము తలుపు వంక చూశారు. బిస్కట్ వంక చూశారు.

"శభాష్..." అంది అల్లుడి నోరు అలవాటుగా. వెంటనే నాలిక కరుచుకుని, "అంటే, లేచారా అని" అన్నాడు.

డ్రైవరు గారు ఆ బిస్కట్ తీసుకుని తిన్నారు. వద్దంటే ఇంకేం చేస్తారోనని భయం.

ఆ మధ్యాహ్నం కూడా కుర్చీ కింద మామూలే. తుడిచి, ఘాటు క్లీనరు పోసి, మూడో తువాలు కూడా పెట్టెలో దాచాక ఆయన తల బిరుసుగా ఎత్తి ఒక నిర్ణయానికొచ్చారు. మనిషన్నాక పరువు ముఖ్యం. కూతురు పనిచేసే మందుల షాపు వీధి చివర్లోనే ఉంది కాబట్టి అటు పోకుండా, బస్సెక్కి ఏడు స్టాపుల అవతల దిగి, ముక్కూ మొహం తెలియని షాపొకటి వెతికి పట్టుకున్నారు. షాపులో ఉన్నావిడ కళ్ళజోడు సర్దుకుంది.

"పెద్దవాళ్ళు వాడే డైపర్లు కావాలమ్మా" అన్నారు ఆయన, పక్క రాష్ట్రానికి దారి అడుగుతున్నట్టు. "మా స్నేహితుడికి."

"నడుము ఎంతుంటుందండీ?"

"నా అంతే ఉంటాడు."

"బరువు?"

"అదీ నా అంతే."

"వయసు?"

"నాకంటే రెండు నెలలు పెద్ద" అన్నారు డ్రైవరు గారు, అక్కడైనా తేడా ఉండాలని.

ఆవిడ పెద్ద పొట్లం కట్టి ఇస్తూ మొహంలోకి పరీక్షగా చూసింది. "మీరు మా స్నేహితురాలి నాన్నగారు కదూ? మీ అమ్మాయీ నేనూ ఫార్మసీ కలిసి చదివాం. మా కాలేజీ టూరుకి బస్సు నడిపింది మీరే! ఎక్కడా ఆపకుండా ఏడిపించారు మమ్మల్ని!"

డ్రైవరు గారు పొట్లం చంకన పెట్టుకుని, ఏమీ వినబడనట్టు నడిచేశారు. వెనక నుంచి ఆవిడ ఫోన్ తీయడం చూడలేదు గానీ, చూసినట్టే అనిపించింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర కూతురి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నీళ్ళు తాగండి నాన్నా" అంది రెండుసార్లు. "మీరింక ఆ ఇంటికి వెళ్ళొద్దు నాన్నా, ఇక్కడే ఉండిపోండి" అంది మూడోసారి. అల్లుడు కంచంలోకి చూస్తూ, "అవును మామయ్యా, మీకోసం ఏది వదులుకోవడానికైనా సిద్ధమే" అన్నాడు. అతను వదులుకోబోతున్నది కుక్కపిల్లని. డ్రైవరు గారికి మాత్రం కటకటాల మంచం కళ్ళ ముందు కనిపించింది.

గురువారం మధ్యాహ్నం ఆయన డైపరు తొడుక్కుని, పైన పంట్లాం బిగించి, కవచం వేసుకున్న యోధుడిలా కుర్చీలో వాలారు. అడుగు తీసి అడుగు వేస్తే కాగితాల కట్ట నలిగినట్టు చప్పుడు. అయినా ధైర్యంగా కళ్ళు మూసుకున్నారు. ఒంటిగంట నలభైకి లేచేసరికి కుర్చీ కింద మడుగు ఉండనే ఉంది. బాత్రూములోకి పరుగెత్తి చూసుకున్నారు. డైపరు పొట్లంలోంచి తీసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

"లోపల పొడి. బయట తడి" అన్నారు ఫోన్లో.

కండక్టరు తేల్చేశాడు. "అంటే డైపరుని కూడా దాటుకుని వస్తోందన్నమాట. ముదిరిపోయింది రా."

ఎవరైనా మూడో మనిషి ఆ మాట వింటే పడీ పడీ నవ్వేవాడు. ఇద్దరూ భయంలో ఉన్నారు కాబట్టి ఇద్దరికీ అది సబబుగానే తోచింది.

నాలుగింటికి డ్రైవింగ్ స్కూలుకి వెళితే, అక్కడ ఓనరు లేచి నిలబడి కుర్చీ వేశాడు. అంత మర్యాద ఎన్నడూ చేయలేదు.

"మీ అమ్మాయి ఫోన్ చేసిందండీ. ఆరోగ్యం బాగాలేదటగా. కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి." చెయ్యి చాపాడు. "ఆ కారు తాళం ఇలా ఇస్తే..."

డ్రైవరు గారు తాళం బల్ల మీద పెట్టారు. అది చేసిన చిన్న చప్పుడు ఆయన మంచి చెవిలో చాలాసేపు మోగింది. మొదటి తాళం పోయింది. ఇక రెండోది జేబులో ఉంది. ఇంటికి నడుచుకుంటూ వచ్చారు గానీ, దారి ఎలా గడిచిందో తెలియలేదు. ఇరవై ఆరేళ్ళ వయసులో మొదటిసారి ఘాట్ రోడ్డు మీద బస్సు దింపినప్పుడు కూడా ఇంత భయపడలేదు.

శుక్రవారం ఆయన తెగించారు. నిద్రపోతేనే కదా జరుగుతోంది, అసలు నిద్రే పోకూడదు. దొంగ ఎలా వస్తాడో కళ్ళారా చూడాలి. భోజనం చేసి, కుర్చీలో వాలి, కళ్ళు మూసినట్టే మూసి సన్నని సందు ఉంచారు. గురక కూడా పెట్టారు. పద్దెనిమిదేళ్ళు తన గురక గురించి కండక్టరు చెప్పగా విన్నదే గానీ తనెప్పుడూ వినలేదు కాబట్టి, అది ఎద్దు రంకెలా వచ్చింది.

పది నిమిషాలు గడిచాయి. వెనక గది తలుపు కిర్రుమంది. అల్లుడు మునివేళ్ళ మీద బయటికొచ్చి, పెరటి తలుపు దగ్గరికి వెళ్ళాడు. అతని వెనకే, నేల వాసన చూసుకుంటూ, ఇటుక రంగు ముద్ద ఒకటి బుడిబుడి నడకతో వచ్చింది.

కుక్క!

డ్రైవరు గారి ఒళ్ళు జలదరించింది. బొడ్డు చుట్టూ పద్నాలుగు చోట్లా ఒకేసారి చురుక్కుమంది. కాళ్ళు పైకి లాక్కోవాలి, అరవాలి, కుర్చీ ఎక్కాలి. ఒక్కటీ చేతకాలేదు. అది తిన్నగా ఆయన పాదం దగ్గరికొచ్చింది. ఘాటు క్లీనరు పోసి పోసి తుడిచిన చోటే ముక్కు ఆనించి, చుట్టూ ఒకసారి తిరిగి, కూర్చుంది. ఆయన కళ్ళలోకి చూస్తూ, ఏ మాత్రం మొహమాటం లేకుండా, పని కానిచ్చింది. ఎడమ పాదానికి వెచ్చగా తగిలింది.

అరవై మూడేళ్ళ జీవితంలో డ్రైవరు గారికి అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. పెళ్ళినాడు కూడా కలగలేదు. కుక్క భయం వెనకెక్కడో కొట్టుకుంటూనే ఉంది, కానీ దాని మీదుగా నవ్వు పొంగుకొచ్చింది. పెద్దగా, ఇల్లు అదిరేట్టు నవ్వారు. కుక్కపిల్ల బెదిరి ఒక్క గెంతులో వెనక గదిలోకి పారిపోయింది. అల్లుడు చేతిలో గడియతో రాయిలా నిలబడిపోయాడు. సరిగ్గా అప్పుడే వీధి తలుపు తెరుచుకుంది. కూతురు లోపలికొచ్చింది. ఆమె వెనక, సంచీ పట్టుకుని డాక్టరు.

వాళ్ళకి కనిపించింది ఇది. హాలు మధ్యలో కుర్చీ. కుర్చీ కింద మడుగు. మడుగులో పాదం పెట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా, పడీ పడీ నవ్వుతున్న పెద్దాయన.

"నేను కాదమ్మా! నేను కాదు!" అని అరిచారు డ్రైవరు గారు. "కుక్క! కుక్క పోసింది!"

డాక్టరు సంచీ కింద పెట్టి, చిన్నపిల్లాడి దగ్గరికి వెళ్ళినట్టు మెల్లిగా వచ్చాడు. "కుక్కెక్కడుందండీ?"

"ఇప్పుడే ఉంది. నన్ను చూసి అటు పరుగెత్తింది. అల్లుణ్ణి అడగండి, పక్కనే ఉన్నాడు!"

డాక్టరు తిరిగి చూశాడు. "మీ ఇంట్లో కుక్క ఉందా?"

అల్లుడు నిజం చెబుదామనే నోరు తెరిచాడు. కానీ మామగారి చూపు తన మీద పడేసరికి పన్నెండేళ్ళ భయం నాలిక పట్టుకుంది. "కు... కుక్కా? మా ఇంట్లోనా? అబ్బే!"

డాక్టరు జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. "ఆ కుక్క ఏ రంగులో ఉందండీ?"

"ఇటుక రంగు. ఒక చెవి నిలబడింది, ఒక చెవి వాలింది."

"ఇంతకు ముందు కూడా ఇలా కనబడుతుండేదా?"

"ముప్పై ఏళ్ళ కిందట ఒకటి కరిచింది."

డాక్టరు రాసుకున్నాడు. "మీతో ఏమైనా మాట్లాడుతుందా?"

"కుక్క మాట్లాడటమేంటి డాక్టరు గారూ!"

"సరే. మాటలు ఇంకా వినబడటం లేదన్నమాట" అంటూ అదీ రాసుకున్నాడు.

డ్రైవరు గారి నవ్వు ఆగిపోయింది. డాక్టరు పెన్ను కదులుతుంటే చూస్తూ కూర్చున్నారు. నిజంగా చూశానా? లేక మేనేజరుకి టికెట్లు కనిపించినట్టే తనకి కుక్క కనిపించిందా? కూతురి వంక తిరిగారు. ఆ గొంతు ఆమె ఎప్పుడూ వినని గొంతు. సన్నగా, అడుక్కుంటున్నట్టు ఉంది.

"నిజంగా లేదా అమ్మా? నాకే కనిపించిందా?"

కూతురు చేతి సంచీ జారి కింద పడింది. ఆమె వచ్చి ఆయన కుర్చీ పక్కన, ఆ తడిలోనే కూలబడింది.

"ఉంది నాన్నా. కుక్క ఉంది. మీరు రాకముందు నుంచీ ఉంది. మేమే దాచిపెట్టాం. మీకేం కాలేదు నాన్నా."

"దాచడమెందుకు?"

"మీరంటే భయం."

డ్రైవరు గారు మడుగులోంచి పాదం పక్కకి జరుపుకున్నారు.

"మరి ఐదు రోజుల నుంచీ ఇంత నరకం పడుతూ మీరెందుకు నాకు చెప్పలేదు?" అంది ఆమె, కళ్ళు తుడుచుకుంటూ.

"నువ్వంటే భయం" అన్నారు ఆయన.

అల్లుడు వెళ్ళి వెనక గది తలుపు తీశాడు. కుక్కపిల్ల తోక ఊపుకుంటూ వచ్చింది. డ్రైవరు గారు చప్పున రెండు కాళ్ళూ కుర్చీ మీదికి లాక్కున్నారు. డాక్టరు పుస్తకంలో రాసుకున్నదంతా ఒక్కొక్క లైనే కొట్టేసుకుంటూ వచ్చాడు.

"రేపే ఎవరికైనా ఇచ్చేస్తాను మామయ్యా" అన్నాడు అల్లుడు.

"ఇస్తే ఊరుకోను" అన్నారు డ్రైవరు గారు, కుర్చీ మీదినుంచే. "రేపు డ్రైవింగ్ స్కూల్లో నా తరఫున సాక్ష్యం ఎవరు చెబుతారు?"

తర్వాత నేల తుడుస్తూ అల్లుడు అసలు సంగతి విప్పాడు. ఆ ఘాటు క్లీనరు వాసన మనుషులకే గానీ కుక్క ముక్కుకి పాత వాసన దాని కింద అలాగే ఉంటుందట. ‘నా చోటు ఇదే’ అనుకుని మళ్ళీ మళ్ళీ అక్కడికే వస్తుందట. వెనిగర్ కలిపిన నీళ్ళతో కడిగితే సరిపోయేదట. డ్రైవరు గారు తన పెట్టెలోంచి సంచీలు తెచ్చి, నోరెత్తకుండా అతని ముందు పెట్టారు. ఆ తువాళ్ళు విప్పినప్పుడు కుక్కపిల్ల కూడా ముక్కు తిప్పుకుంది.

ఎలాగూ వచ్చాను కదా అని డాక్టరు పరీక్షలు రాశాడు. మర్నాడు కాగితాలు చూసి మొహం చిట్లించాడు. నాలుగు రోజులు నీళ్ళు మానేసినందుకు ఇన్ఫెక్షన్ పట్టుకుంది. మూత్రపిండంలో ఇసుక కూడా చేరింది.

"రోజుకి మూడు లీటర్లు తాగాలి. రెండు గంటలకోసారి వెళ్ళి తీరాలి. ఆపుకోవడం అన్న మాటే ఉండకూడదు."

"డాక్టరు గారూ, నేను తొమ్మిది గంటల రూటులో కూడా..."

"విన్నాను. ఇసుక అక్కడిదే."

సోమవారం డ్రైవింగ్ స్కూలు ఓనరు స్వయంగా వచ్చి కారు తాళం ఇచ్చి వెళ్ళాడు. ఇంటి నేల పని ఇంకా వారం పడుతుందని మేస్త్రీ కబురు పెట్టాడు. ఆ వారమంతా కుక్కపిల్లకి పెరటి అలవాటు చేసే బాధ్యత డ్రైవరు గారే తీసుకున్నారు. దగ్గరికి వెళ్ళడానికి ఇంకా ధైర్యం చాలదు కాబట్టి, పన్నెండడుగుల తాడు కట్టి, ఈ కొస తను పట్టుకునేవారు. లేవగానే ఒకటి, తినగానే ఒకటి, మధ్యలో రెండు గంటలకోసారి. స్టాపులన్నీ ఒక అట్ట మీద రాసి పెరటి తలుపుకి అతికించారు. డాక్టరు చెప్పిన టైములూ అవే కావడంతో వేరే అట్ట అవసరం పడలేదు. గంట కొట్టగానే కూతురు ఇద్దర్నీ కేకేసేది. కుక్కపిల్ల పెరట్లోకి, డ్రైవరు గారు బాత్రూములోకి. వచ్చాక అల్లుడు ఇద్దరికీ చెరో బిస్కట్ పెట్టేవాడు.

డ్రైవరు గారు అప్పుడప్పుడూ పాత రోషం పొడుచుకొచ్చి, "ఇంకో గంట ఆగుతాను, నాకేం తొందర లేదు" అనేవారు. ఇద్దరిలో ముందు నేర్చుకున్నది మాత్రం కుక్కే.